బూడిదలో గని వెతకొద్దు మంత్రి గారూ, ముందు సీసాలో మిగిలింది చూడండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2025 ఏప్రిల్ 4న చైనా ఏడు రేర్ ఎర్త్ లోహాల (అయస్కాంతాల్లో, ఎలక్ట్రానిక్స్‌లో వాడే ప్రత్యేక లోహాలు) ఎగుమతికి లైసెన్సు మెలిక పెట్టినప్పటి నుంచీ మన దగ్గర ఆ లోహాల మాట ఎత్తని రోజు లేదు. అంతకు ముందే, అదే ఏడాది జనవరిలో, కేంద్ర మంత్రివర్గం నేషనల్ క్రిటికల్ మినరల్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. కొత్త గనులే కాకుండా థర్మల్ కేంద్రాల ఫ్లై యాష్, అల్యూమినా ఫ్యాక్టరీల ఎర్ర బురద లాంటి వ్యర్థాల్లోంచి కూడా ఖనిజాలు రాబట్టాలన్నది అందులో ఒక భాగం. మంచిదే. కానీ బూడిదలో బంగారం ఉందన్న మాట ఒకసారి పుట్టాక, ఏ బూడిద అని అడిగేవాళ్లు కరువవుతారు. థర్మల్ కేంద్రం బూడిద వేరు, ఆసుపత్రి వ్యర్థాలు కాల్చగా మిగిలే బూడిద వేరు. నేను రాస్తున్నది ఈ రెండోదాని గురించి, ఎమ్మారై స్కాన్ మందు సీసాల్లో మిగిలిపోయే లోహం గురించి.

నేను విశాఖలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని. మా ఉత్తరాంధ్రకు ఈ లోహాలు కొత్త కాదు. భీమిలి నుంచి కళింగపట్నం దాకా తీరం ఇసుకలో రేర్ ఎర్త్ లోహాలుండే మోనజైట్ ఖనిజం ఉంది. అచ్యుతాపురం దగ్గర బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ప్రాంగణంలో ఏడాదికి 3,000 కిలోల సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు చేసే ప్లాంటును 2023 మేలో ప్రధాని జాతికి అంకితం చేశారు. అదే అనకాపల్లి జిల్లాలో, పరవాడ ఫార్మా సిటీలో, ప్రమాదకర వ్యర్థాలను పూడ్చిపెట్టే కేంద్రమూ ఉంది. లోహం కావాలనే ఆశ, వ్యర్థం వదిలించుకోవాలనే తొందర ఇంత దగ్గర దగ్గరగా ఉన్నచోట రెండూ ఒక ఫైల్లో కలిసిపోవడం ఎంతసేపు?

కొలిమి లోపల జరిగేది చెబుతాను. ఆసుపత్రి వ్యర్థాల నిర్వహణపై 2016లో వచ్చిన నియమాల ప్రకారం, ఆ వ్యర్థాలను కాల్చే ఇన్సినరేటర్ రెండో గదిలో వేడి 1050 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, పొగ అక్కడ కనీసం రెండు సెకన్లు నిలవాలి. పాదరసం ఆ వేడికి ఆవిరై చిమ్నీ దారి పడుతుంది. సీసం, కాడ్మియం ప్లాస్టిక్‌లోని క్లోరిన్‌తో జతకట్టి పైకి లేచి, చల్లబడ్డాక ఫిల్టర్లలో చిక్కే సన్నటి దుమ్ముకు అంటుకుంటాయి. సీరియం, లాంథనం, గాడోలినియం అలా కాదు. వాటి ఆక్సైడ్లు కరగాలంటేనే రెండు వేల డిగ్రీలు దాటాలి. కాబట్టి కాల్చాల్సిన ఆసుపత్రి వ్యర్థాలు వేసే పసుపు సంచిలో వెళ్లిన రేర్ ఎర్త్‌లో ఎక్కువ భాగం అడుగు బూడిదలోనే కూర్చుంటుంది. ఈ సంగతి వినగానే పెట్టుబడిదారుకు నోరూరుతుంది, నిజమే.

ఎంత కూర్చుంటుందన్నది కదా అసలు ప్రశ్న. చైనా పరిశోధకులు తమ ఆసుపత్రి వ్యర్థాల బూడిదను పరీక్షిస్తే అన్ని రేర్ ఎర్త్ లోహాలూ కలిపి కిలోకు పదుల మిల్లీగ్రాముల్లోనే తేలాయి. భూమి పొరలో ఒక్క సీరియమే కిలోకు 60 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే ఈ బూడిద మన పెరటి మట్టికంటే గొప్ప ఖనిజమేమీ కాదు. ఆ కాస్త కోసం బూడిదను ఆమ్లంలో నానబెడితే ముందుగా కరిగేది సీసం, కాడ్మియం, జింకు. చివరికి మిగిలేది విషపు ఆమ్లం, దాన్ని ఎక్కడ పోయాలన్న కొత్త తలనొప్పి.

నా అసలు భయం మాత్రం ఆ ఫ్యాక్టరీ గురించి కాదు, దానికిచ్చే అనుమతి గురించి. "వనరు" అని ముద్ర పడిన బూడిదను లారీ ఎక్కించడం తేలిక. ఇవాళ లోహం కోసం అని బయటికి వెళ్లింది, రేపు లోహం గిట్టుబాటు కాలేదని ఇటుక బట్టీకో రోడ్డు గుంతకో చేరదని ఎవరు పూచీ? హానికర పదార్థాలు పరిమితి దాటిన బూడిద ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే వెళ్లాలన్న నియమం ఉంది. దాన్ని ఖనిజాల పేరుతో సడలించకండి.

మరి గాడోలినియం సంగతి? ఎమ్మారై స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందులో ఉండేది ఇదే. మామూలు మోతాదు లెక్కన 60 కిలోల మనిషికి దాదాపు ఒక గ్రాము లోహం ఎక్కుతుంది. మందు చిన్న గాజు సీసాలో వస్తుంది. రోగి బరువును బట్టి కావలసినంత తీసుకున్నాక అడుగున ఎంతో కొంత మిగులుతుంది. బిల్లు మాత్రం నిండు సీసాకే అనుకోండి, అది వేరే కథ. మూడు మిల్లీలీటర్లు మిగిలిందనుకుందాం. అందులో గాడోలినియం పావు గ్రాముకు కొంచెం తక్కువ. బూడిదలో రేర్ ఎర్త్‌లన్నీ కలిపి కిలోకు 50 మిల్లీగ్రాములు ఉన్నాయనుకున్నా, అంత లోహం రావాలంటే దాదాపు ఐదు కిలోల బూడిదను ఆమ్లంలో ఉడకబెట్టాలి. అదీ అన్ని లోహాలూ కలిసిపోయిన ముద్ద. సీసాలో ఉన్నది ఒకే ఒక్క లోహం, స్వచ్ఛమైన ద్రావణంలో, పైన లేబుల్ అంటించి మరీ ఉంది!

ఆ మిగులు ఎక్కడికి పోతుంది? సింకులో పోస్తే మురుగు కాలువకు, పసుపు సంచిలో వేస్తే కొలిమికి. శుద్ధి కేంద్రాలు ఈ మందును సరిగ్గా పట్టలేవు. రోగి మూత్రంతో వెళ్లేది కూడా అంతే. జర్మనీ నదుల్లో మనుషులు వాడి వదిలిన గాడోలినియం ఉందని 1996లోనే బయటపడింది. కొలిమిది ఇంకో రకం చిక్కు. మందులో ఈ లోహం ఒక సేంద్రియ అణువు పట్టులో ఇమిడి ఉంటుంది కాబట్టే దాన్ని ఒంట్లోకి ఎక్కించగలుగుతున్నారు. ఆ పట్టు సడలితే ఏమవుతుందో 2006 నుంచి డాక్టర్లకు తెలుసు. కిడ్నీలు పాడైన రోగుల్లో చర్మం గట్టిపడిపోయే జబ్బుకు ఈ మందుతో సంబంధం ఉందని అప్పుడే తేలింది. మంట ఆ పట్టును పూర్తిగా కాల్చేసి లోహాన్ని ఆక్సైడ్‌గా వదిలేస్తుంది. ఆక్సైడ్ నీటిలో సులువుగా కరగదు గానీ, ఆమ్లం తగిలితే కరుగుతుంది.

వాడని మందులను కాల్చడమే కాదు, తయారీదారుకు తిరిగి పంపే వీలు కూడా 2016 నియమాల్లోనే ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు. స్కాన్ గదిలో ఒక మూత డబ్బా పెట్టి, మిగిలిన కాంట్రాస్ట్‌ను అందులో పోగుచేసి, సరుకు తెచ్చిన డిస్ట్రిబ్యూటర్ వాహనంలోనే వెనక్కి పంపమని మీ శాఖ, ఆరోగ్య శాఖ కలిసి ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. ప్రభుత్వ ఆసుపత్రుల కొనుగోలు టెండర్లలో ఈ షరతు చేర్చడం ఇంకా సులువు.

బూడిద పరీక్ష గురించి ఒక్క మాట. చిమ్నీకి ఆన్‌లైన్ మీటరు ఉంది, దాని అంకెలు కాలుష్య నియంత్రణ మండలికి వెళతాయి. బూడిదకు అలాంటి నిఘా లేదు. సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు, కాడ్మియం 1, పాదరసం 0.2 అని, బూడిదను పలుచని ఆమ్లంలో నానబెట్టి చేసే పరీక్షకు హద్దులున్నాయి గానీ, ఆ ఫలితాలు చుట్టుపక్కల ఊళ్లవాళ్ల కంటపడే ఏర్పాటు కావాలి. మూడు నెలలకోసారి ఆసుపత్రి వ్యర్థాలు కాల్చే ప్రతి కేంద్రం బూడిదనూ ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో పెట్టించండి. ఆ యంత్రం ఒకే నమూనాలో సీసంతో పాటు గాడోలినియం, సమేరియం, టెర్బియం అంకెలు కూడా చెప్పేస్తుంది. మామూలు మట్టిలో ఈ మూడూ ఒక నిష్పత్తిలో నడుస్తాయి. గాడోలినియం ఒక్కటే ఎగబాకిందంటే, ఎమ్మారై మందు పసుపు సంచుల్లోకి చేరుతోందని అర్థం. సంచులపై బార్‌కోడ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఏ ఆసుపత్రుల నుంచో పట్టుకోవడం కష్టం కాదు. రేర్ ఎర్త్‌ల వల్ల ఈ బూడిదలో మనకు ఒరిగే లాభం ఇదొక్కటే అనిపిస్తోంది నాకు.

ఆసుపత్రి బూడిదలోంచి ఖనిజాలు తీస్తామని మీ శాఖకు ఇప్పటికే ఏమైనా దరఖాస్తులు వచ్చి ఉంటే, ఈ పరీక్షల ఫలితాలు కనీసం ఒక ఏడాదివి చేతికొచ్చేదాకా వాటిని పక్కన పెట్టండి. వచ్చాయో లేదో మండలి వెబ్‌సైట్‌లో ప్రకటించండి. సీసాల సర్క్యులర్‌కు మాత్రం ఏడాది ఆగనవసరం లేదు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక కెమిస్ట్రీ లెక్చరర్