రిమార్కుల గడి ఎక్కడ పోయింది, మంత్రి గారూ?

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి, తెలంగాణ అంగన్‌వాడీ టీచర్లు నమస్కరించి రాసుకుంటున్నది.

తల్లుల, పిల్లల వివరాలూ ఇచ్చిన సరుకూ మేము ఫోన్‌లో ఎక్కించే మీ యాప్ పోషణ్ ట్రాకర్ గురించి ఇంతకుముందు ఇచ్చిన వినతిపత్రాలు ఏ బీరువాలో ఉన్నాయో తెలీదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. పథకం సంగతి మాకంటే మీకే బాగా తెలుసు కనుక నేరుగా సరుకు ఇచ్చే రోజుకు వస్తాం.

బల్ల మీద చిన్నపిల్లలకు ఇచ్చే పోషకాహార పిండి, రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఉంటుంది. ఎదురుగా తల్లి, చంకలో బిడ్డ. ఆమె ఎవరి కోడలో, ఏ గల్లీలో ఉంటుందో ఆయమ్మను అడిగినా చెబుతుంది. ఫోన్ మాత్రం చెప్పదు. 2025 జూలై 1 నుంచి, కెమెరాలో పట్టిన ముఖం ఆధార్ ఫొటోతో కలిసిందని ఫోన్ ఒప్పుకుంటేనే ఆమె ఆమె.

ముఖం ఎందుకు కలవదో ఇప్పుడు మాకు కంఠస్థం. ఆధార్‌లో ఉన్నది పెళ్ళికి ముందు, బడి చదువుకునే రోజుల్లో దిగిన ఫొటో. ఇప్పుడు ఎదురుగా ఉన్నది కాన్పయి, రక్తం తక్కువై చిక్కిపోయిన మనిషి. ఒకే గదిలో నడిచే సెంటరైతే వెలుగొచ్చేది ఒక్క తలుపు నుంచే. తల్లి ఆ తలుపుకు వీపు పెట్టి నిలబడితే తెర మీద ముఖం నల్లగా పడుతుంది. ఆమెను వెలుగు వైపు తిప్పాలి, లేదా అరుగు మీదికి తీసుకెళ్ళాలి. కెమెరా అద్దం మీద నూనె మరక ఉంటుంది, వంట దగ్గరా పిల్లల దగ్గరా తిరిగే ఫోన్ కదా. కొంగుతో తుడిస్తే ఒక్కోసారి అంతటితో పనవుతుంది. రెప్ప వేయమన్నప్పుడే బిడ్డ జుట్టు పట్టి లాగుతుంది, మళ్ళీ మొదటికి.

ముఖం దాకా రావాలన్నా ముందు ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూసుకోవడం, కావాలి. దానికి ఓటీపీ ఆధార్‌కు కట్టిన నంబరుకు పోతుంది. ఆ నంబరు భర్త జేబులో ఉంటుంది, భర్త దుబాయ్‌లోనో హైదరాబాద్‌లో సైటు మీదనో ఉంటాడు. ఆయన ఫోన్ ఎత్తి, మెసేజ్ వెతికి, అంకెలు చదివే లోపు గడువు దాటిపోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పోలీసులు ఊరూరా బోర్డులు పెడుతుంటే, చెప్పమ్మా చెప్పు అని మేము బతిమాలుతుంటాం. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, మా దగ్గర అత్తింటి ఇంటిపేరు ఉన్నవాళ్ళది ఇంకో గోస. ఇక ఏడో నెలలో పుట్టింటికి తీసుకుపోయే ఆచారం ఢిల్లీలో ఎవరికైనా గుర్తుందో లేదో! పేరు అత్తగారి ఊళ్ళో ఉంటుంది, ముఖం మరో జిల్లాలో ఉంటుంది.

ఇవన్నీ సరిచేసుకోవడం మాకు ఎవరూ నేర్పలేదు. ఒకరికి తెలిసింది చుట్టుపక్కల సెంటర్ల టీచర్లుండే సెక్టారు గ్రూపులో ఇంకొకరికి చెప్పుకుంటూ నేర్చుకున్నాం. యాప్ తెరుచుకోక గిరగిర తిరుగుతుంటే ముందు ఫోన్‌లో తేదీ, టైము ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత ప్లే స్టోర్‌లో అప్‌డేట్, ఆ తర్వాత మెమరీ. మెమరీ నిండేది ఎక్కువగా రోజూ గ్రూపులో పెట్టమనే ఫొటోలతోనే, అది వేరే సంగతి. సెట్టింగ్స్‌లో క్లియర్ క్యాష్ నొక్కొచ్చు. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా మాత్రం నొక్కకూడదు, సర్వర్‌కు ఎక్కకుండా ఫోన్‌లోనే ఆగిన నమోదులు ఉంటే అవీ పోతాయి. సాయం కోసం ఫోన్ చేస్తే మొదట వచ్చే సలహా ఏమిటో తెలుసా? “యాప్ తీసేసి మళ్ళీ వేసుకోండమ్మా.” తీసేసినా జరిగేది అదే, ఎక్కనివి పోతాయి. ముందు “ఎక్కనివి ఏమైనా ఉన్నాయా” అని అడగాలని సలహా ఇచ్చేవాళ్ళకు ఒక్క కాగితం మీద రాసివ్వలేరా?

రెండో సలహా “సర్వర్ బిజీ, రాత్రి చేయండి.” రాత్రి పది గంటలకు ఏ తల్లి ముఖం తేవాలో కూడా చెబితే బాగుండేది.

బరువుల సంగతి కొద్దిగా. నెట్ వచ్చే చెట్టు కింద నిలబడి హడావుడిగా కొడుతుంటే ఏడాది పాప 9.2 కిలోలు 6.2 అయి కూర్చుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పాప ఆ క్షణాన తీవ్ర తక్కువ బరువు లెక్కలో చేరుతుంది. అది వేలు జారిన తప్పు, మాదే, ఒప్పుకుంటాం. కానీ సరిచేయాలంటే ఎవరిని అడగాలి, ఎన్నాళ్ళలో చేస్తారు? దీనికి ఇంతవరకు రాతలో జవాబు లేదు.

ఇప్పుడు అసలు మాట. పాత రిజిస్టర్లో ప్రతి వరుస చివరా ఒక గడి ఉండేది, రిమార్కులు అని. “కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది”, “జ్వరం, తూకం వేయలేదు”, “సరుకు రాలేదు” అని రాసి సంతకం పెట్టేవాళ్ళం. సూపర్‌వైజర్ మేడం వచ్చి అడిగితే పుస్తకమే జవాబు చెప్పేది. ఇప్పుడు మండల మీటింగులో తెర మీద కనిపించేది శాతం ఒక్కటే. ముఖం నాలుగుసార్లు కలవలేదన్నదీ, ఓటీపీ గడువు దాటిందన్నదీ, యాప్ తెరుచుకోలేదన్నదీ ఆ శాతంలో ఎక్కడా ఉండవు. యాప్ చేసిన తప్పు మా నిర్లక్ష్యం ఖాతాలో పడుతుంది, మెమో మా పేరున వస్తుంది. రాష్ట్రం యాప్‌లో ఇవే వివరాలు మళ్ళీ కొట్టాక కూడా!

ఆ గడి మాకు తిరిగి ఇవ్వండి. యాప్ మొరాయిస్తే తేదీ, టైముతో దానంతటదే నమోదు కావాలి. సాయం అడిగిన ప్రతిసారీ ఫిర్యాదు నంబరు ఇవ్వాలి, ఆ నంబరు చూపిస్తే మెమో ఆగాలి. తెలుగులో మాట్లాడేవాళ్ళు, ఈ యాప్‌ను ఒక్కసారైనా సెంటర్లో కూర్చుని వాడి చూసినవాళ్ళు ఫోన్ ఎత్తాలి. కొత్త వెర్షన్ వదిలేది సరుకు ఇచ్చే వారంలో కాకుండా చూడాలి. ముఖం కలవకపోతే రిజిస్టర్లో సంతకంతో ఇచ్చే దారి ఉండాలి. రిమార్కుల గడి ఇవ్వండి అని మళ్ళీ చెబుతున్నాం, పాత వినతిపత్రాల్లోనూ ఇదే రాశాం.

ఇవన్నీ అయ్యేదాకా ఒక్క ప్రశ్నకు జవాబు ఇప్పించండి. ఫోన్ కాదంది, తల్లి మాత్రం బిడ్డను చంకనేసుకుని బల్ల ముందు నిలబడి ఉంది. ప్యాకెట్ ఇవ్వాలా, వద్దా? ఫోన్‌లో కాదు మేడం, కాగితం మీద, మీ సంతకంతో.

ఇట్లు,
అంగన్‌వాడీ టీచర్లు