వీడా ఓర్ పేరు ఏది?

హాట్ రాడ్ కార్ల (మార్పులు చేసి వేగం పెంచిన పాత కార్ల) చరిత్రపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో వీడా ఓర్ పేరే లేకపోవడం పెద్ద లోటు. అలాంటి పాత ఫోర్డు కారును కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల నేల మీద మగవాళ్లకు దీటుగా పరుగెత్తించిన తొలితరం మహిళ ఆమె. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ సరస్సుల మీద కారు పందేలు నడిపే సంఘం వార్తాపత్రికను నిలబెట్టి, దూరదేశాల్లో ఉన్న సైనికులకు పంపారు. 1946లోనే ఆ పందేల ఫొటోలతో పుస్తకం తెచ్చారు. ‘హాట్ రాడ్’ పత్రిక పుట్టిందే 1948లో! మీరు వేసిన ఫొటోల్లో ఒక్కదాని కిందా తీసినవారి పేరు లేదు. స్టీరింగు పట్టుకున్న స్త్రీ ఫొటో కింద ‘ఒక మహిళ’ అని సరిపెట్టారు. ఇకపై పాత ఫొటో వేసినప్పుడల్లా తీసినవారి పేరు, అందులోని మనుషుల పేర్లు, సంవత్సరం తప్పకుండా వేయండి. వచ్చే ఆదివారం వీడాకు అర పేజీ కేటాయించండి.