మాంద్యం అంటే అలల బొమ్మ ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో వ్యాపార చక్రాలపై ఇటీవల వచ్చిన పాఠం చదివాను. సౌభాగ్యం, తిరోగమనం, మాంద్యం, పునరుద్ధరణ అనే నాలుగు దశలను ఒకే ఎత్తున్న అలలుగా గీసి చూపారు. పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే బొమ్మ ఉంటుంది కనుక తప్పు పట్టను గానీ, అది చూసిన పిల్లలకు ఆర్థిక వ్యవస్థ కూడా ఎండాకాలం, వానాకాలం మాదిరి దానంతటదే దిగి, దానంతటదే లేస్తుందన్న అభిప్రాయం కలుగుతుంది. అమెరికాలో తిరోగమనాలు మొదలైన, ముగిసిన తేదీలను నిర్ధారించే జాతీయ ఆర్థిక పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 1929 ఆగస్టు తర్వాత మొదలైన పతనం 1933 మార్చి దాకా, అంటే 43 నెలలు సాగింది. 2007 డిసెంబరు నాటిది 18 నెలల్లో ముగిసింది. 2020లో కరోనాతో వచ్చినది 2 నెలలే ఉంది. ఇంత తేడా ఎందుకన్నదే పిల్లలకు చెప్పవలసిన పాఠం.

1929 అక్టోబరు నాటి షేర్ మార్కెట్ పతనమే మహామాంద్యానికి కారణమని మీ వ్యాసం ఒక్క వాక్యంలో తేల్చేసింది. పై తేదీలను బట్టి చూసినా తిరోగమనం అంతకు ముందే మొదలైంది. దాన్ని మహామాంద్యంగా మార్చిన వాటిలో బ్యాంకుల పతనం ముఖ్యమైనది. డిపాజిట్లకు దేశవ్యాప్త బీమా లేని ఆ రోజుల్లో ఒక బ్యాంకు మూతపడిందని తెలియగానే పక్క బ్యాంకు ముందు జనం బారులు తీరేవారు. వారికి చెల్లించడానికి ఆ బ్యాంకు ఇచ్చిన అప్పులను వెనక్కి లాగేది. అప్పు పుట్టని వ్యాపారి సరుకు కొనడం మానేవాడు, ఫ్యాక్టరీ పనివాళ్లను తీసేసేది, జీతం పోయినవాడు బజారుకు వెళ్లడం తగ్గించేవాడు. 1933 నాటికి అమెరికా శ్రామికుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. చలామణీలోని డబ్బు సుమారు మూడోవంతు తగ్గిపోతున్నా ఆ దేశపు కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తగినంతగా జోక్యం చేసుకోలేదు. 2008లో మాత్రం అదే సంస్థ చేతులు కట్టుకుని కూర్చోలేదు.

"ధరలు తగ్గితే మంచిదే కదా సార్?" అని, మాంద్యంలో ధరలు పడిపోతాయని చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు న్యూయార్క్‌లో కన్నా కృష్ణా, గోదావరి డెల్టాల్లో తేలికగా దొరుకుతుంది. బస్తా ధాన్యం 4 రూపాయలున్నప్పుడు ఒక రైతు 100 రూపాయలు అప్పు చేశాడనుకుందాం. వడ్డీ వదిలేసినా 25 బస్తాలు అమ్మితే తీరుతుంది. ధర 2 రూపాయలకు పడితే అదే అప్పుకు 50 బస్తాలు కావాలి. పొలం పెరగలేదు, దిగుబడి పెరగలేదు, షావుకారు పద్దు మాత్రం తరగలేదు. శిస్తు కూడా రొక్కంగానే కట్టాలి. పైగా ధరలు కుప్పకూలుతున్న ఆ కాలంలోనే డెల్టా జిల్లాల శిస్తును రూపాయికి మూడణాల చొప్పున పెంచడంపై రైతులు ఉద్యమించవలసి వచ్చింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని, అంటే కరెన్సీ విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతిని, వదిలేశాక రూపాయల్లో బంగారం ధర పెరగడంతో, అప్పుల్లో ఉన్న కుటుంబాలు అమ్ముకున్న నగలు కరిగి ఓడలెక్కాయి. ఆ ఎగుమతిని నాటి ప్రభుత్వం లాభసాటి వ్యాపారంగానే చూసింది!

చివరకు 1938లో మద్రాసు రాష్ట్ర వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం వచ్చి, 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. పిల్లలు తమ తాతముత్తాతల కాలపు పత్రాల్లో ఈ చట్టం పేరు చూసే అవకాశం ఉంది.

తర్వాతి భాగంలో ఆ అలల బొమ్మ పక్కన 43, 18, 2 నెలల పతనాలను కొలత ప్రకారం గీసి వేయగలరా? దానితోపాటు మన దేశంలో 1962 నుంచి ఉన్న డిపాజిట్ బీమా గురించి, దాని పరిమితి 2020లో లక్ష నుంచి 5 లక్షల రూపాయలకు పెరగడం గురించి నాలుగు మాటలు రాస్తే, బ్యాంకు పుస్తకం ఉన్న ప్రతి విద్యార్థికీ ఉపయోగపడుతుంది.

ఇట్లు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
ఏలూరు