సున్నుండ చిన్నదైంది, కిలో రేటు పెరిగింది

మా దగ్గర పిండివంటలు కొనే అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి సున్నుండ బరువు 40 గ్రాముల నుంచి 25కి తగ్గించాం. పాళ్లు కూడా మార్చాం. కిలో మినపప్పుకి 900 గ్రాముల బెల్లం వేసేవాళ్లం, ఇప్పుడు 600 వేస్తున్నాం. ఒక్కో ఉండలో 15 గ్రాములుండే బెల్లం ఏడున్నరకు దిగింది. బెల్లం కన్నా మినపప్పూ నెయ్యీ ఖరీదు కాబట్టి రేటు పెంచక తప్పలేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు "బెల్లమేగా అమ్మా, ఎముకలకు మంచిదేగా" అంటూ అరకిలోలు తీసుకెళ్తున్నారు. నాకు అది మనసొప్పడం లేదు. బెల్లంలో కాస్త ఇనుము, ఖనిజాలు ఉన్నమాట నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం చక్కెరే, ఒంట్లోకి వెళ్లాక పంచదారలాగే పనిచేస్తుంది. తీపి మోతాదు మించుతూ పోతే కాలేయంలో, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వు నుంచి వాపును రేపే పదార్థాలు రక్తంలోకి వస్తుంటాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ అనే వ్యర్థం కూడా పెరుగుతుంది, గౌట్ అనే కీళ్ల జబ్బు ఉన్నవాళ్లకు కీళ్లు పట్టేసేది దానివల్లే.

ఎముకల సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి. ఎముకంటే ఉత్త కాల్షియం కాదు, లోపల కొల్లాజెన్ అనే మాంసకృత్తుల అల్లిక ఉంటుంది. ఏళ్ల తరబడి రక్తంలో గ్లూకోజు ఎక్కువగా ఉంటే అది ఈ అల్లికకు అంటుకుని దాన్ని పెళుసుగా మారుస్తుంది. అందుకే షుగర్ వ్యాధి ఉన్నవాళ్లకు స్కాన్‌లో ఎముక సాంద్రత బాగానే కనిపించినా విరిగే ముప్పు ఎక్కువ. అలాగని తీపి తిన్న ప్రతివాళ్ల ఎముకలూ గుల్లబారతాయని నేను అనను, దానికి అంత గట్టి రుజువు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లు విడిగా కలుపుకునే చక్కెరలు 50 గ్రాములు దాటకూడదు, 25 లోపైతే ఇంకా మేలు. కాఫీ, టీల్లో వేసుకునేదీ అందులోదే. పాత సున్నుండలు రెండు తింటే 30 గ్రాముల బెల్లం.

నువ్వుల చిమ్మిలి డబ్బా మీద "ఎముకల బలానికి" అని వేస్తే బాగా పోతుందని దుకాణాలవాళ్లు అడుగుతున్నారు. వేయను. పొట్టు తీయని నువ్వుల్లో కాల్షియం బాగా ఉంది, 100 గ్రాములకు 900 మిల్లీగ్రాముల పైమాటే. కానీ పొట్టులో కాల్షియాన్ని పట్టేసుకునే ఆక్సలేట్లనే పదార్థాల వల్ల అదంతా ఒంటబట్టదు. ఒక చిమ్మిలి ఉండలో పడే నువ్వులు 15 గ్రాములు, పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన కాల్షియం 1000 మిల్లీగ్రాములు. లెక్క మీరే చూడండి. పాలు, పెరుగు, రాగి జావ మానేసి చిమ్మిలి మీద ఆధారపడొద్దు. మందులు అసలే ఆపొద్దు.

ఇకనుంచి ప్రతి డబ్బా మీదా ఒక్కో ఉండలో ఎంత బెల్లం ఉందో రాస్తాం. షుగర్ ఉన్నవాళ్లు ఎంత తినొచ్చో డాక్టర్ని అడిగాకే కొనండి, నన్ను అడిగితే నేను చెప్పలేను.

అరిసెలు మాత్రం మార్చలేదు. పాకం తగ్గితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. సున్నుండకు ఆ బాధ లేదు, నెయ్యే పట్టి ఉంచుతుంది. చిమ్మిలిలో కూడా బెల్లం కొంత తగ్గించి చూస్తున్నాం, కుదిరాక చెబుతాను.

సారెకో సీమంతానికో పాత పాళ్లతో పెద్ద సున్నుండలే కావాలంటే రెండు రోజుల ముందు ఫోన్ చేయండి, చేసిస్తాం.