మంత్రి గారూ, 'పైలట్ తప్పు' అని రాసి ఫైలు మూసేయకండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం సార్. మాది జడ్చర్ల. 27 ఏళ్లు లారీ తోలాను, అందులో చివరి 11 ఏళ్లు గాలిమరల రెక్కలు మోసే పొడుగు ట్రైలర్ల మీద. మోకాళ్లు సహకరించక రెండేళ్ల కింద మానేశాను. విమానాల గురించి రాయడానికి నీకేం తెలుసని ఎవరైనా అడగొచ్చు. మా చిన్నోడు ఒక విమానాశ్రయంలో ర్యాంపు మీద, అంటే విమానాలు ఆగే జాగాలో, పని చేస్తాడు. విమానం బేలోకి, అంటే తాను నిలబడే చోటికి, వస్తుంటే రెక్క కొసకు కాస్త ఎడంగా నడుస్తూ, ఆ రెక్క దేనికీ తగలకుండా చూసి చేతిలో కర్రలతో సైగ చేయడం వాడి పని, వింగ్ వాకర్ అంటారు. వాడు రాత్రి డ్యూటీ దిగి వచ్చి చెప్పే ముచ్చట్లు వింటూ, నాకు అర్థం కానివి ఫోన్‌లో వెతికి చదువుకుంటూ నాలుగేళ్లు గడిచాయి. గాల్లో ఎగిరే సంగతి నాకు తెలియదు. పొడుగు బండిని ఇరుకు దారిలో మలపడం ఎంత కష్టమో మాత్రం బాగా తెలుసు, నేల మీద ఉన్నంతసేపూ విమానం కూడా ఒక పొడుగు బండే.

2024 మార్చి 27న కోల్‌కతాలో రన్‌వే ఎక్కడానికి ఆగి ఉన్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రెక్కకు, పక్క నుంచి నడిచి వస్తున్న ఇండిగో విమానం రెక్క రాసుకుంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ వాళ్లు ఇండిగో పైలట్లిద్దరినీ డ్యూటీ నుంచి తప్పించారు. విచారణ తేలేదాకా తప్పించడాన్ని నేను కాదనను సార్, ప్రాణాలతో పని. నా బాధంతా అక్కడితోనే అయిపోయిందని అందరం అనుకోవడం గురించి. ఆ రోజు టీ కొట్టు దగ్గర టీవీ చూస్తూ ఒకాయన 'ఇంత పెద్ద జాగాలో కళ్లు కనపడవా వీళ్లకు' అన్నాడు. కనపడవు సార్. నిజంగానే కనపడవు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి చెబుతాను. 2016లో ఒక యార్డులో, రాత్రి రెండున్నరకు, బండిని రివర్స్‌లో లోపలికి పెడుతున్నాను. గాలిమర రెక్క వెనక కొస నాకు కనపడదు, ఎడమ అద్దంలో ట్రైలర్ సగం దాకా కనిపిస్తుంది, కుడి అద్దంలో అంతా చీకటి. క్లీనర్ కొత్త పిలగాడు, వచ్చి వారం కాలేదు. మా లైన్‌లో 'రైట్, రైట్' అంటే రానీ అని, ఆపాలంటే 'హోల్డాన్' అనాలి. వాడికి ఇంకా ఆ భాష పట్టుబడలేదు. కుడి పక్క స్తంభం దగ్గరైందని చెప్పబోయి 'అన్నా రైట్, రైట్' అని అరిచాడు. రమ్మంటున్నాడనుకొని నేను ఇంకో రెండడుగులు పోనిచ్చాను. టప్‌మని చిన్న చప్పుడు, అంతే. దిగి చూస్తే షెడ్డు స్తంభం వంగి ఉంది, రెక్క కొస గుడ్డు పెంకులాగా పగిలి ఉంది. నా జీతంలోంచి నెలనెలా కోసి 40 వేలు పట్టుకున్నారు, ఆ పిలగాణ్ని తెల్లారే పంపించేశారు. 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను. తప్పు నాదే, అనుమానం వచ్చినప్పుడు దిగి చూడాల్సింది, దిగలేదు. కానీ ఆ స్తంభం దగ్గర ఒక లైటు పెడదామని గానీ, కొత్తోళ్లకు సైగలు నేర్పి పంపుదామని గానీ ఒక్కరూ అనలేదు. నాలుగు నెలలు తిరక్కుండా ఇంకో డ్రైవరన్న, నాకంటే సీనియర్, అదే స్తంభాన్ని కొట్టాడు. ఆయనతోనూ అదే కాగితం మీద సంతకం పెట్టించారు.

ఇప్పుడు విమానం సంగతి. బోయింగ్ 777-300ఈఆర్ అనే పెద్ద విమానం పొడుగు దాదాపు 74 మీటర్లు, ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 64.8 మీటర్లు. ముందు చక్రానికీ వెనకున్న పెద్ద చక్రాలకూ మధ్య 31 మీటర్లు, పైలట్ కూర్చునేది ఆ ముందు చక్రానికి కూడా ముందు. మలుపు వచ్చిందని పసుపు గీతను పట్టుకొని అక్కడికక్కడే తిప్పితే వెనక చక్రాలు లోపలి పక్కకు కోసుకుపోయి మట్టిలో దిగుతాయి. అందుకని తాను గీత దాటి గడ్డి మీదికి పోయినట్టు అనిపించేదాకా నేరుగా పోనిచ్చి, అప్పుడు తిప్పాలి. తిప్పడానికి ఎడమ చేతి పక్కన టిల్లర్ అని ఒక చిన్న చక్రం ఉంటుంది. మా హైడ్రాలిక్ ట్రైలర్లలాగే ఆ విమానానికి వెనక యాక్సిల్ కూడా కొంచెం తిరుగుతుందని చదివినప్పుడు, అయితే మనదీ వాళ్లదీ ఒకటే కష్టమని నాకు గట్టిగా అనిపించింది. పైగా రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి, మలుపులో బయటి వైపు రెక్క కొస నేరుగా పోయేటప్పటి కంటే ఎక్కువ జాగా ఊడ్చుకుంటూ పోతుంది. బోయింగ్ 747, ఎయిర్‌బస్ ఏ380 లాంటి పెద్ద వాటిలో పైలట్ సీట్లో కూర్చున్న మనిషికి తన రెక్క కొస అసలు కనపడదు. ఇంకో మాట, విమానం చక్రాలకు ఇంజిన్ బలం ఉండదు, ముందుకు నెట్టేదంతా రెక్కల కింది ఇంజిన్ల గాలే. మలుపు మధ్యలో అనుమానం వచ్చి ఆపితే మళ్లీ కదలడానికి ఇంజిన్లను గట్టిగా రేపాలి, ఆ గాలికి వెనకున్న నిచ్చెన బండ్లు, మనుషులు కొట్టుకుపోతారు. నాలాగా దిగి చూసే వీలు వాళ్లకు లేదు.

2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 రెక్క కొస ఒక చిన్న విమానం తోకకు తగిలి, ఆ చిన్నది బొంగరంలా తిరిగిపోయింది. ఆ మరుసటి ఏడాది, 2012లో, అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఒక సిఫార్సు చేసింది. రెక్క కొస పైలట్‌కు సరిగ్గా కనపడని పెద్ద విమానాలకు ఆ కొస ఎక్కడుందో చూపించే కెమెరాలాంటి సాధనం పెట్టాలని. ఇవాళ జడ్చర్లలో ఏడెనిమిది లక్షల కారుకు కూడా వెనక కెమెరా ఉంది సార్. మన కంపెనీలు వందల కొత్త విమానాలకు ఆర్డర్లు పెట్టాయని మీరే సభల్లో సంతోషంగా చెబుతుంటారు, మాకూ సంతోషమే. ఆ కొనే పెద్ద విమానాలకు ఇది కూడా అడగమని మీరు చెబితే వాళ్లు వింటారు.

నేల మీద జరిగింది కదా, రేకు వంగుతుంది, అంతకంటే ఏమవుతుంది అనుకునేవాళ్లు స్పెయిన్ దేశపు టెనెరీఫ్ ద్వీపంలో జరిగిన సంగతి తెలుసుకోవాలి. అదీ మార్చి 27నే, 1977లో. పక్క ద్వీపంలో బాంబు పేలిందని విమానాలన్నీ ఆ చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. ఆగిన విమానాలతో ట్యాక్సీవే, అంటే రన్‌వే దాకా నడిచే దారి, నిండిపోయింది, అందుకని పాన్ యామ్, కేఎల్ఎం కంపెనీల రెండు 747లు రన్‌వే మీదనే నడవాల్సి వచ్చింది. పొగమంచు, నేల మీద ఏ విమానం ఎక్కడుందో చూపే రాడార్ లేదు. పాన్ యామ్ విమానాన్ని మూడో దారిలోకి మలుపమన్నారు. ఆ దారిలోకి పోవాలంటే 148 డిగ్రీలు తిరగాలి, అంటే దాదాపు వచ్చిన దిక్కుకే మళ్లాలి! అంత పొడుగు బండిని అంత మలుపు తిప్పమని చెప్పినవాళ్లు ఎన్నడూ స్టీరింగ్ పట్టినవాళ్లు కారని నేను ఒట్టేసి చెబుతాను. వాళ్లు ఆ దారి దాటి నాలుగోదాని వైపు పోతుండగా, కేఎల్ఎం కెప్టెన్ అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టాడు. టేకాఫ్ దగ్గర ఉన్నామని కేఎల్ఎం నుంచి అన్న మాటను టవర్ ఇంకా ఆగే ఉన్నారని అర్థం చేసుకుంది, ఆగమని టవర్, మేమింకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ యామ్ చెప్పిన మాటలు రెండు రేడియోలు ఒకేసారి మాట్లాడటంతో కీచుమన్న చప్పుడులో కలిసిపోయాయి. 583 మంది చనిపోయారు. కేఎల్ఎం కెప్టెన్‌దే తప్పని రాసి ఊరుకుంటే ఏమయ్యేది? ఊరుకోలేదు. అనుమతి ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అన్న మాటే పలకకూడదని ప్రపంచమంతా నియమం పెట్టుకున్నారు. ఆ సంగతి చదివినరోజు నాకు మా పిలగాడి 'రైట్, రైట్' గుర్తొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మాటల తిప్పలు ఇప్పటికీ తీరలేదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో కోస్ట్ గార్డ్ విమానం వరుసలో 'నంబర్ వన్' అని విని, రన్‌వే మీదికి పోవచ్చనుకొని ఎక్కింది, దిగుతున్న పెద్ద విమానం వచ్చి గుద్దుకుంది. పెద్దదాంట్లోని 379 మందీ బయటపడ్డారు, చిన్నదాంట్లో ఆరుగురిలో ఐదుగురు పోయారు.

ఇటలీలో మిలాన్ లినాటే విమానాశ్రయంలో 2001 అక్టోబర్ 8న జరిగింది ఇంకా బాధాకరం. పొగమంచులో ఒక చిన్న విమానం ఆర్5 అనే దారిలో పోవాల్సింది ఆర్6 లోకి పోయింది, పరుగెత్తి వస్తున్న పెద్ద విమానానికి అడ్డంగా రన్‌వే మీద తేలింది. 118 మంది చనిపోయారు, వాళ్లలో నలుగురు సామాన్ల షెడ్డులో పని చేస్తున్న మనుషులు, మా వాడిలాంటోళ్లు. పైలట్ దారి తప్పిన మాట నిజం. కానీ అతను మధ్యలో ఎస్4 అనే గుర్తు దగ్గరున్నానని రేడియోలో చెప్పాడు, నేల మీద రాసి ఉన్న ఆ గుర్తు ఎక్కడుందో టవర్‌లోని మనిషికే తెలియదు! నేల రాడార్ పని చేయడం లేదు. పైలట్ నోరు తెరిచి నేనిక్కడున్నానని చెప్పినా, అది తప్పు చోటని చెప్పే మనిషి గానీ యంత్రం గానీ అక్కడ లేదు. అక్కడి కోర్టులు అధికారులకు కూడా శిక్షలు వేశాయి.

మా దగ్గర కూడా డిసెంబర్, జనవరి వచ్చాయంటే షాద్‌నగర్ దాటాక తెల్లవారుజామున ఎదురుగా ఉన్న బండి లైట్లు కూడా కనపడవు, శంషాబాద్‌కు రావాల్సిన విమానాలను పక్క ఊళ్లకు మళ్లించిన రోజులున్నాయి. పొగమంచు మనకూ కొత్త కాదు.

మా చిన్నోడికి ఎదురైన ఒక రాత్రి గురించి చెప్పి, నేను అడగాల్సింది అడుగుతాను. ఏ ఊళ్లోనో, ఏ కంపెనీయో చెప్పను, వాడి ఉద్యోగం. రెక్కకొకరు చొప్పున ఇద్దరుండాలి, ఆ రాత్రి వాడొక్కడే. ఎడమ రెక్క వెంట నడుస్తుంటే కుడి వైపు ఎర్ర గీత మీద ఒక నిచ్చెన బండి వదిలేసి ఉండటం విమానం కడుపు కింది నుంచి కనిపించిందట. అటు పరుగెత్తి రెండు కర్రలూ తల మీద అడ్డంగా పెట్టాడు, ముందు నిలబడి పైలట్‌కు దారి చూపే మార్షలర్ అది చూసి తనూ పెట్టాడు, విమానం ఊగి ఆగింది. మధ్యలో దూరం రెండు మూరలు. ప్రయాణికులంతా దిగిపోయాక కెప్టెన్ మెట్లు దిగి వచ్చి ఆ రెక్క కొస కింద నిలబడి పైకి చూసి, మా వాడి భుజం మీద చెయ్యి వేసి ఏమీ మాట్లాడకుండా పోయాడట. తగల్లేదు కాబట్టి ఎవరూ ఏమీ రాయలేదు. 'తగిలితే మాత్రం కెప్టెన్ పేరు, నా పేరు రాస్తుండె నాయినా, నిచ్చెన ఎవరు పెట్టిండ్రో, రెండో మనిషి ఎందుకు లేడో ఎవరు రాస్తరు' అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను సార్. రెక్క తగిలినా, తృటిలో తప్పినా దాని గురించి పూర్తి రిపోర్టు బయటపెట్టించండి, చెప్పినవాడి మీద చర్య ఉండదని రాసి మరీ ఇవ్వండి. పైలట్ ఎటు తిప్పాడన్నదానితో పాటు ఆ రాత్రి గీత చెరిగి ఉందా, లైటు వెలిగిందా, బోర్డు అర్థమయ్యేలా ఉందా, రెక్కల దగ్గర ఎంతమంది ఉన్నారు అన్నవి కూడా అందులో ఉండాలి. పెద్ద ప్రమాదాలను విచారించడానికి 2012 నుంచి ఏఏఐబీ అనే దర్యాప్తు సంస్థ ఉంది, వాళ్ల రిపోర్టులు జనం చదువుకోగలుగుతున్నారు. నేల మీది చిన్న తగులుళ్లకూ అలాంటి రిపోర్టులే వస్తే ర్యాంపు మీద పని చేసేవాళ్లు వాటిని చదివి రేపటి డ్యూటీలో జాగ్రత్త పడతారు.

ఇంకొకటి పాలమూరు మనిషిగా. దేవరకద్ర దగ్గర విమానాశ్రయం అన్న మాట మేము ఎన్నో ఏళ్లుగా వింటున్నాం, వలస పోయిన మా పిల్లలు అక్కడ దిగితే చూడాలని మాకూ ఆశ. అది వచ్చినరోజు ముందు 27 మీటర్ల రెక్కల ఏటీఆర్‌లే రావచ్చు, తర్వాత దాదాపు 36 మీటర్ల ఏ320లు వస్తాయి, వాటికి కావాల్సిన ఎడం మొదటి రోజే భూమి మీద వదిలిపెట్టించండి. దారులు కలిసే చోట్లు గజిబిజిగా లేకుండా గీయించండి. 2013 డిసెంబర్‌లో జోహన్నెస్‌బర్గ్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 కుడికి మళ్లాల్సిన చోట నేరుగా ఇరుకు దారిలోకి పోయి, రెక్కతో పక్కనున్న ఆఫీసు బిల్డింగును చీల్చింది, లోపలున్న నలుగురికి దెబ్బలు తగిలాయి. కాగితం మీద గీతగా ఉన్నప్పుడే మార్చడం తేలిక, సిమెంటు పోశాక ఎవరూ మార్చరు. ఆ కాగితాన్ని ఖరారు చేసే ముందు విమానాన్ని నేల మీద నడిపే పైలట్లను ఇద్దరిని, రెక్కల కింద నడిచే పిల్లలను ఇద్దరిని కూర్చోబెట్టి అడగండి.

రేపు రాత్రి పది గంటలకు మా వాడికి మళ్లీ డ్యూటీ ఉంది. ఆ రెండో రెక్క దగ్గర కూడా ఒక మనిషిని నిలబెట్టించండి సార్.

ఇట్లు,
జడ్చర్ల నుంచి ఒక పాత ట్రైలర్ డ్రైవరు