పేరు చివరి తోక చూసి బీపీ బిళ్ళ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీని మా అమ్మ కత్తిరించి దాచుకుంటుంది. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించాలని, రోజూ నడవాలని, ఆవకాయ జోలికి పోవద్దని (పోకుండా ఎవరుంటారు లెండి) ఎన్నిసార్లు రాశారో. బిళ్ళల దగ్గరకొచ్చేసరికి మాత్రం డాక్టరు చెప్పినట్టు వాడండి అని ఒక్క ముక్కతో సరిపెడతారు. డాక్టరు రాసిందీ, షాపులో చేతిలో పెట్టిందీ ఒకటేనా కాదా అన్నది ఎవరు చూడాలండీ?

అమ్మకు డెబ్బై దాటాయి. బీపీకి డాక్టరు రాసింది టెల్మిసార్టాన్ 40 అనే బిళ్ళ, దాని పేరు వెనక ఏ అక్షరమూ లేదు. మొన్న ఏప్రిల్‌లో బిళ్ళలు అయిపోతే పక్కింటి కుర్రాడి చేతికి పాత షీటు ముక్క ఇచ్చి పంపింది, చీటీ లేకుండా. షాపు అబ్బాయి అదే కంపెనీది, అదే పేరుది ఇచ్చాడు, కాకపోతే పేరు చివర హెచ్ ఉంది. హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిందని, అంటే ఒంట్లోని ఉప్పునీ నీళ్ళనీ మూత్రంలో బయటికి పంపే మందు. చెడ్డదేం కాదు, కావలసినవాళ్ళకు డాక్టర్లు రాసేదే. అమ్మకు రాయలేదు, అదే గొడవ.

మూడు వారాలు వేసుకుంది. అసలే తెనాలి ఎండలు. మంచం మీంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటే వడదెబ్బేమో అని మజ్జిగ తాగించాం. ఒకరోజు తెల్లవారుజామున పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ తొట్టి అంచు పట్టుకుని అక్కడే కూలబడిపోయింది. రక్తపరీక్ష చేస్తే సోడియం, అదే ఒంట్లోని ఉప్పు, బాగా పడిపోయిందన్నారు. ఏం మందులు వాడుతోందని అడిగితే సంచి బోర్లించాను. అయిదు బిళ్ళల ముక్క పడింది. రేకు మీద సగం పేరే ఉంది, తోక లేదు, గడువు తేదీ లేదు, కత్తెర సరిగ్గా వాటి మీదుగానే పోయింది. దిండు కింద దొరికిన ఇంకో ఖాళీ ముక్క మీద ఆ హెచ్ కనబడబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇప్పటికీ ఎండ మీదకే నెట్టేసేవాళ్ళం.

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకోకండి. మా పిన్ని షీటు మీద ఏ ఎమ్ అని ఉంటే పొద్దున పూట వేసుకోమని అర్థమనుకుంది! అది ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కలిపిన బిళ్ళ. ఆవిడకు అప్పటికే విడిగా ఆమ్లోడిపిన్ షీటు ఇంకోటి నడుస్తోంది, అంటే ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు. చీలమండల దగ్గర కాళ్ళు వాచిపోయి, కిడ్నీలు పోయాయేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ మందు మోతాదు ఎక్కువైతే అలా వాపు రావడం మామూలేనని డాక్టరు తర్వాత చెప్పారు.

ఈ బిళ్ళలు షెడ్యూల్ హెచ్ మందులు (ఈ హెచ్ వేరు, తోక హెచ్ వేరు, చూడండి ఎంత గందరగోళమో), చీటీ లేకుండా అమ్మకూడదు. ఎక్కడ అమలవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ ఉండాలని 2023 ఆగస్టు నుంచి రూలు కూడా ఉంది. అయిదు బిళ్ళల ముక్క మీద ఆ కోడ్ ఎక్కడ వెతకమంటారు? నెలకు సరిపడా ఒకేసారి కొనలేని వాళ్ళుంటారు, కత్తిరించి ఇవ్వడం తప్పనను. పేరు, తేదీ ఉన్న చివర కొనేవాళ్ళకు ఇచ్చి, రెండో వైపు షాపులో ఉంచుకోవచ్చు కదా. లేదా కవరు మీద పెన్నుతో రాసివ్వచ్చు. నిమిషం పట్టదు.

అదే షాపులో మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ కూడా అడగ్గానే ఇచ్చేస్తారు. అది బీపీని పెంచుతుంది, పైగా టెల్మిసార్టాన్, ఈ మూత్రం మందు కలిపి వాడేవాళ్ళు అది కూడా వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో కూడా టెల్మిసార్టాన్, మూత్రం మందు గురించి డాక్టరుకు ఫోన్ చేసి అడగాలట, మాకెవరూ ముందు చెప్పలేదు.

ఇదంతా చదివి భయపడి ఎవరూ బిళ్ళలు మానేయకండి బాబూ. కార్తీక సోమవారం ఉపవాసమనో, 120/80 వచ్చిందనో ఆపేసేవాళ్ళు మా వీధిలోనే ముగ్గురున్నారు. ఆ అంకె వచ్చింది బిళ్ళ వల్లే. అటెనొలాల్ లాంటి బీపీ మందులు ఒక్కసారిగా ఆపితే గుండెకే ముప్పు.

ఎడిటర్ గారూ, ఈ తోకల అర్థాలు ఒక్క ఆదివారం పెద్ద అక్షరాలతో మీ పేజీలో వేయండి, ముసలివాళ్ళకు కనబడేలా. మా అమ్మ మాత్రం ఇప్పుడు షీటు మొత్తం కొంటోంది, షాపులోనే కళ్ళజోడు పెట్టుకుని చివరి అక్షరం దాకా చదివి గానీ డబ్బులివ్వట్లేదు. వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటున్నారట. విసుక్కోనీ అంటోంది.

— ఒక పాఠకురాలు, తెనాలి