పదేళ్లలో 4,000 మందా, ఏడాదికి 500 మందా? విద్యాశాఖ మంత్రికి గణిత ఉపాధ్యాయుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

కలనగణితం (కాలిక్యులస్) పాఠాల్లో జనాభా లెక్కలు ఎక్కడ దెబ్బతింటున్నాయో మీ దృష్టికి తెస్తున్నాం. సూత్రం రాకపోవడం కాదు సమస్య. అడిగింది ‘ఎంత మంది పెరిగారు’ అనా, ‘ఎంత వేగంగా పెరుగుతున్నారు’ అనా అన్నది పిల్లలకు తేలడం లేదు. చాలాసార్లు ప్రశ్న రాసినవారికీ తేలడం లేదు.

ఈ లెక్క చూడండి. ఒక పట్టణ జనాభా t ఏళ్ల నాటికి ఏడాదికి 300 + 20t మంది చొప్పున పెరుగుతోంది. మొదటి పదేళ్లలో ఎంత మంది పెరిగారు? t = 10 పెట్టి 500 అని రాసేవారుంటారు. అది పదో ఏడు ముగిసే క్షణానికి ఉన్న వేగం. 500లోంచి 300 తీసేసి 200 అనేవారుంటారు. అది వేగంలో వచ్చిన తేడా, మనుషుల లెక్క కాదు. 500ని పదితో గుణిస్తే వచ్చే 5,000 కూడా తప్పే, మొదటి రోజు నుంచీ ఆ వేగం లేదు కదా. జనాభా అన్న మాట కనపడగానే అవకలనం (మార్పు వేగం కనుక్కోవడం) చేసేసి 20 అని రాసేవారి సంగతి చెప్పక్కర్లేదు. ఇచ్చిందే రేటు, అంటే వేగం, కాబట్టి సమాకలనం (క్షణక్షణం పెరిగినదాన్ని కలిపి మొత్తం తేల్చడం) చేయాలి: 0 నుంచి 10 వరకు 300t + 10t², అంటే 3,000 + 1,000. జవాబు 4,000 మంది. మొదట్లో ఎంత జనాభా ఉందో దీనికి అక్కర్లేదు. పదేళ్ల తర్వాత మొత్తం ఎంత అని అడిగితేనే అది కావాలి.

300, 500ల సగటును పదితో గుణించినా 4,000 వస్తుంది. రేటు సరళరేఖగా పెరిగింది కనుక ఆ అడ్డదారి పనిచేసింది, అన్నిచోట్లా పనిచేయదు. 10,000 మంది ఏటా 3 శాతం చొప్పున అవిచ్ఛిన్నంగా, అంటే ప్రతి క్షణమూ, పెరిగితే పదేళ్లలో పెరిగేది 3,499 మంది. తొలి వేగం 300, చివరి వేగం 405, సగటు పద్ధతి 3,525 అంటుంది. అదే 3 శాతాన్ని ఏడాదికోసారి చక్రవడ్డీలా కలిపితే పెరుగుదల 3,439. ఏ పద్ధతో చెప్పని ప్రశ్నకు రెండు జవాబులూ ఒప్పే.

శాతం తగ్గితే జనాభా తగ్గిందనుకోవడం ఇంకో చిక్కు, ఇది బడి దాటి వార్తల్లోకీ పోయింది. 1960ల మధ్యలో ప్రపంచ జనాభా ఏటా 2 శాతానికి పైగా పెరిగేది, అంటే సుమారు 7 కోట్ల మంది. ఇప్పుడు రేటు 1 శాతం లోపే. జనాభా 800 కోట్లు దాటింది కాబట్టి ఏటా చేరేది మళ్లీ దాదాపు 7 కోట్లే.

మా కోరికలు పెద్దవేమీ కావు. ప్రశ్నలో ప్రతి సంఖ్యకూ ప్రమాణం రాయించండి: ‘మంది’, ‘ఏడాదికి ఇంత మంది’, ‘ఏడాదికి ఇంత శాతం’. ఒకే లెక్కలో పదేళ్ల మార్పును, పదో ఏటి వేగాన్ని విడివిడిగా అడిగించండి. జవాబులో ప్రమాణానికి ఒక మార్కు ఉంచండి. వచ్చే ముద్రణకు ముందు పాఠ్యపుస్తకం వెనకున్న జవాబులను ఈ లెక్కన ఒకసారి సరిచూపించండి.

ఇట్లు,
గణిత ఉపాధ్యాయులు